సున్నపు గోడకు సున్నమే మందు

పిల్లలూ, ఎల్బీనగర్‌లో మెట్రో రైలెక్కితే దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మూసారాంబాగ్ స్టేషను వస్తుంది. ఆ మూసారాం ఎవరో తెలుసా? ఆయన ఒక ఫ్రెంచివాడు. పేరు రేమండ్. రెండవ నిజాము నిజాం అలీఖాన్ కొలువులో ఫ్రెంచి పటాలానికి నాయకుడు. ఫ్రెంచి భాషలో ‘మొస్యే’ అంటే ‘అయ్యగారు’. ‘మొస్యే రేమండ్’ అనే మాటే జనం నోట మూసారాం అయిందని చెబుతారు. ఆయన 1798లో చనిపోయాడు. సమాధి దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గరలోనే, ఆస్మాన్‌గఢ్ గుట్టమీద ఉంది.

రేమండ్ కట్టించిన కర్మాగారం ఒకటి నగరంలో ఇంకా మిగిలి ఉంది. అదే రైల్లో వెళ్ళి నాంపల్లిలో దిగి, ఆబిడ్స్ వైపు కొంతదూరం నడిస్తే గన్‌ఫౌండ్రీ అనే పేట వస్తుంది. ఫిరంగులూ, గుండ్లూ పోతపోయడానికి 1795లో ఆయన అక్కడ కొలుములు పెట్టించాడు. జనం దాన్ని ‘తోప్ కా సాంచా’ అన్నారు. ఫిరంగి అచ్చు అని అర్థం. కొలుములు ఎప్పుడో ఆరిపోయాయి. ఇటుకా సున్నంతో కట్టిన గోడలు మాత్రం శిథిలమై నిలిచి ఉన్నాయి.

ఇటువంటి గోడను బాగుచేయడం ఎట్లా? “ఇంత సిమెంటు పూస్తే సరి!” అని మీకు తోచవచ్చు. చాలామంది పెద్దవాళ్ళకూ అట్లాగే తోచింది. కాని దానివల్ల గోడకు మేలు బదులు కీడు జరుగుతుంది. ఎందువల్ల?

ఒక చిన్న పరీక్ష చేయండి. ఎండిన ఇటుక ముక్కను పళ్ళెంలో నిలబెట్టి, అడుగున కాసిని నీళ్ళు పోయండి. కాసేపటికి తడి పైకి పాకుతుంది. ఇటుకనిండా కంటికి కనబడని సన్నని రంధ్రాలున్నాయన్నమాట. గోడ కూడా వానకు నీళ్ళు తాగి, ఎండకు వదిలివేస్తుంది. ఇటుకల సందుల్లోని సున్నం మెత్తనిది, దానికీ రంధ్రాలుంటాయి. అంచేత తడి ఆ సందుల గుండా సులువుగా పోతుంది. సిమెంటు గట్టిది, తడికి దారి ఇవ్వదు. అప్పుడు తడి అంతా ఇటుక గుండానే బయటికి రావాలి. ఆ తడిలో కరిగి వచ్చిన ఉప్పు ఇటుకలో పలుకులు కట్టి, దాన్ని పొరలు పొరలుగా రాలగొడుతుంది. చివరికి సిమెంటు గట్లు మిగులుతాయి, ఇటుకలు గుల్లయిపోతాయి!

మరి సున్నం సంగతి వినండి. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే, అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి రాళ్ళసున్నం మిగులుతుంది. దానిమీద నీళ్ళు పోస్తే కుతకుతమని ఉడుకుతుంది. (మీరు దాని దగ్గరికి పోకండి, కళ్ళకు ప్రమాదం.) ఆ సున్నానికి ఇసుక, ఇటుకపొడి చేర్చి గానుగలో రుబ్బితే డంగుసున్నం తయారవుతుంది. మన మేస్త్రీలు అందులో బెల్లపు నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కూడా కలిపేవారు. గోడలో చేరిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది.

ఇక పని జరిగే తీరు. ముందుగా గోడను కొలిచి, పటం గీసి, ఫొటోలు తీస్తారు. గోడలో మొలిచిన రావిమొక్కను పీకరు. పీకితే వేరుతోపాటు ఇటుకలూ ఊడివస్తాయి. కొమ్మలు కోసి, వేరును మందుతో చంపుతారు. మేస్త్రీ చిన్న ఉలితో, ఇటుక అంచు చెదరకుండా, సందుల్లో పాడైన సున్నాన్ని తీసివేస్తాడు. నీళ్ళు చల్లి కొత్త సున్నం కూరుతాడు. త్వరగా ఎండి బీటలు వారకుండా తడి గోనెపట్టాలు కప్పుతాడు. పూర్తిగా చెడిన ఇటుకనే మారుస్తారు. కొత్తది పాతదాని కొలతకు, కాలుడుకు సరిపోవాలి.

ఈ వైద్యం మన నగరంలో జరిగినదే. 2013 నుంచి ఆగాఖాన్ సంస్థవారు కుతుబ్‌షాహీ సమాధులను బాగుచేసినప్పుడు, అంతకుముందు పూసిన సిమెంటును ఒలిపించి సున్నమే పూయించారు. రేమండ్ కర్మాగారానికి కావలసినదీ ఇదే.

మీ ఊళ్ళో పాత బడి, బావి, గిడ్డంగి ఏదైనా సున్నంతో కట్టినది ఉందేమో చూడండి. దానికి సిమెంటు పూయబోతుంటే మీ నాన్నగారికో, మేస్త్రీకో ఈ సంగతి చెప్పండి. ఒకసారి గుల్లయిన ఇటుకను మళ్ళీ గట్టిపరచడం ఎవరి తరమూ కాదు.