చేబదులు కరెంటు

నల్లమల కొండలకు తూర్పుగా పరచుకొనిన మార్కాపురం, గిద్దలూరు సీమలలో, కంభం చెరువు నీరు గాని గుండ్లకమ్మ ప్రవాహము గాని అందని పొలములకు బోరే దిక్కు. వందలకొలది అడుగుల లోతున మునిగియున్న మోటారు తిరుగవలెనన్నచో కరెంటు వచ్చినంతమాత్రమున చాలదు, దానియందు తగిన వోల్టేజి కూడ ఉండవలెను.

2004లో రాష్ట్రమున సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. ఉచితమనగానే ఒప్పందమేదియు లేదని తలంచువారు పెక్కుమంది. కాని విద్యుత్తు నియంత్రణ మండలి ధరల ఉత్తర్వులలో ఆ ఉచితమునకు షరతులు గలవు: ఐ.ఎస్.ఐ. గుర్తుగల పంపుసెట్టు, ఘర్షణలేని ఫుట్‌వాల్వు, నునుపైన ప్లాస్టిక్ గొట్టములు, తగిన సామర్థ్యముగల కెపాసిటరు. మొదటి మూడింటి ప్రయోజనము నీటిధారలోనే కనబడును. కెపాసిటరు మాత్రము నీటిని తాకదు. అది ఎందులకు?

మోటారు తిరుగుటకు దాని లోపల అయస్కాంతక్షేత్రము ఏర్పడవలెను. అందులకు మోటారు ప్రతి ఫేజులోను కొంత శక్తిని తీసికొని, ఖర్చుచేయక, వెంటనే తిరిగి ఇచ్చివేయును. ఈ ఇచ్చిపుచ్చుకోలు సెకనుకు నూరుమారులు జరుగును. ఇది అచ్చముగా చేబదులు వంటిది. ఇల్లాలు పావుశేరు చక్కెర చేబదులు తెచ్చి మరల తీర్చివేసిన, ఎవరికిని నష్టము లేదు. కాని ఆ చేబదులుకు పొరుగింటికి గాక ప్రతిమారును మార్కాపురము పోయి రావలసివచ్చినచో, దారి బత్తెమే తడిసి మోపెడగును. మోటారు అడిగిన చేబదులు ఎక్కడో సబ్‌స్టేషను నుండి తీగల వెంట వచ్చి పోవుచున్నంతకాలము తీగలు వేడెక్కును, ట్రాన్స్‌ఫార్మరు అలసిపోవును, వోల్టేజి పడిపోవును. కెపాసిటరు ఆ పొరుగిల్లు. మోటారు అడిగినప్పుడు తన నిలువ నుండి ఇచ్చును, తిరిగి ఇచ్చినప్పుడు పుచ్చుకొనును.

తీగ మోసిన మొత్తము భారములో నిజముగా పనికివచ్చిన భాగమెంతయో తెలుపునదే పవర్ ఫ్యాక్టర్. అయిదు హెచ్.పి. మోటారొకటి లైను నుండి అయిదు కిలోవాట్లు గ్రహించుచు, 0.75 పవర్ ఫ్యాక్టర్‌తో నడచుచున్నదనుకొందము. అప్పుడు ట్రాన్స్‌ఫార్మరు మీద పడు భారము సుమారు 6.7 కె.వి.ఎ.; 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు అట్టి మోటార్లను మూడింటినే మోయగలదు. అయిదు హెచ్.పి.కి నిర్ణయింపబడిన 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరును బిగించినచో పవర్ ఫ్యాక్టర్ 0.90కి చేరును, భారము 5.6కు దిగును, అదే ట్రాన్స్‌ఫార్మరు నాలుగవ మోటారును కూడ మోయును. తీగలలో వేడిగా పోవు నష్టము కరెంటు వర్గమును బట్టి యుండును గనుక, అది సుమారు మూడింట ఒక వంతు తగ్గును. బోరులోనికి దిగిన కేబులులో మాత్రము మార్పుండదు. స్టార్టరు నుండి పైకే ఈ లాభము.

మార్కాపురపు పలకల పరిశ్రమలోనైనను సంగతి ఇదియే: రంపమునకు రాయి తగులక మోటారు ఖాళీగా తిరుగునప్పుడు పవర్ ఫ్యాక్టర్ బాగుగా పడిపోవును. హైటెన్షన్ ఒప్పందముగల పరిశ్రమలకు బిల్లు కె.వి.ఎ. గంటలలో వచ్చును, 0.75 పవర్ ఫ్యాక్టర్‌తో నూరు యూనిట్లు వాడినవాడు 133 యూనిట్లకు సొమ్ము కట్టును. అచ్చట బిల్లే గురువు. బిల్లు రాని రైతుకు ఆ గురువు లేడు, కాని శిక్ష వేరుగా వచ్చును: లో వోల్టేజిలో బరువు లాగవలసివచ్చిన మోటారు మరింత కరెంటు గుంజి, వైండింగు కాల్చుకొనును. ఒక్కొక్కసారి మోటారు బోరు నుండి పైకి లాగించి వైండింగు కట్టించుటకగు ఖర్చు ముందు కెపాసిటరు వెల ఏపాటిది!

అయితే ఒకడు పెట్టి తక్కినవారు మానినచో ట్రాన్స్‌ఫార్మరు కష్టము తీరదు. అధికముగా పెట్టుటయు మేలు గాదు. మోటారుకు తగినదే పెట్టవలెను, మోటారుతోపాటు అదియు ఆగునట్లు స్టార్టరు వద్దనే కలుపవలెను. కరెంటు తీసిన తరువాతను కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండును గనుక, తెలిసిన పనివానితోనే బిగింపించుకొనవలెను.

రైతుసోదరులారా, ఈ కారునకు మోటారు ఆడింపకముందే ఒకే ట్రాన్స్‌ఫార్మరు క్రింది వారందరును కలిసి మీ మీ స్టార్టరు పెట్టెలు తెరపించి చూచుకొనుడు; కెపాసిటరు లేనిచోట పెట్టించుడు, ఉబ్బినదానిని మార్పించుడు.