పొడుగు సాగిన మందారములను బాగుచేయు విధము

విశాఖపట్టణ పరిసర గ్రామములందు మందారపు చెట్టు లేని పెరడు అరుదు. దేవపూజకును, తలనూనెలకును దీని పువ్వు వాడుకలో నున్నది. ఆనందపురమున పూలసంత చేరువనే యుండుటచే, బంతి, చేమంతులతోపాటు మందారమునుగూడ గట్లవెంట పెంచదలచు రైతులు కలరు. అయినను నాటిన మూడు నాలుగేండ్లకు చెట్టు పొడుగు సాగి, క్రింద బోడికొమ్మలును, తలమీద నాలుగు పువ్వులును మిగులుట తరచుగా చూచుచున్నాము. మందారపు పువ్వు సామాన్యముగా ఒక్క దినమే నిలుచును. ప్రొద్దున విచ్చినది సాయంకాలమునకు ముడుచుకొనును. అందని కొమ్మపై పూచినది ఆ దినమే నష్టమగును. దానికై కొమ్మను వంచినచో విరుగును. ఈ దోషమును పోగొట్టుటకు ఖరీదైన మందులతో పనిలేదు. వెలుతురును, కత్తెరయు చాలును.

కారణము

కొమ్మ కొనయందలి లేతచిగురులో ఆక్సిన్ అను పదార్థము పుట్టి క్రిందికి దిగుచుండును. అది కణుపులయందలి కన్నులను మేల్కొననీయదు. కొనను తీసివేసినచో ఆ యడ్డు తొలగి ప్రక్కకన్నులు చిగిర్చును. గోంగూర తలలు గిల్లిన కొలదిని పిలకలు వచ్చుట మన స్త్రీలెల్లరు నెరిగినదే.

నారకొరకు వేయు గోగును శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల రైతులు ఒత్తుగా చల్లుదురు. ఒత్తుగా నున్న మొక్కలు వెలుతురుకై పోటీపడి, కొమ్మలు వేయక నిటారుగా పెరుగును, నార పొడుగగును. మందారము, గోగు ఒకే జాతివి. గోగునకు మేలైన యీ గుణమే మందారమునకు కీడు. కావున మొక్కకు మొక్కకు నాలుగైదడుగుల యెడముంచి, దినమున కారు గంటలకు తక్కువ కాకుండ ఎండ తగులు చోట నాటవలెను. మామిడి, కొబ్బరి నీడనున్న చెట్టును ఎంత కత్తిరించినను మరల సాగును. రేవునకు సమీపమునగల తోటలలో బొగ్గుపొడి, ఇనుపరాతి ధూళి ఆకులపై పేరుకొన్నచో ఆకునకు వెలుతురందదు. వారమున కొకమారు ప్రొద్దుటిపూట నీటితో కడుగుట మంచిది. యూరియా మితిమీరినను ఆకును కాడయు పెరుగునే గాని పూత పెరుగదు.

కత్తిరించు విధము

మందారము క్రొత్తగా పెరిగిన కొమ్మమీదనే పూయును. అందుచే కత్తిరింపునకు జంకవలసిన పనిలేదు. కాని కోసిన కొమ్మ మరల పూతకు వచ్చుటకు రెండు మూడు నెలలు పట్టును. దినదినము పువ్వులమ్ముకొను రైతు అన్ని కొమ్మలను ఒక్కసారి నరికినచో అన్నినాళ్లును రాబడి యుండదు. ముదురు చెట్టు ఆకులన్నియు కోల్పోయి కృశించుటయు కలదు. కనుక మూడు వంతులుగా చేయవలెను. మాఘమాసమున మిక్కిలి పొడుగైన కొమ్మలలో మూడవవంతును కోయవలెను. నెల గడచి చిగుళ్లు కనబడిన పిమ్మట రెండవ వంతును, మరియొక నెలకు మిగిలినదానిని కోయవలెను. ఈ విధముగా చెట్టున ఎల్లప్పుడును కొన్ని పువ్వులుండును.

చెట్టునకు వెలుపలివైపు చూచు కన్నును ఎంచి, దానికి పావు అంగుళము పైగా, ఏటవాలుగా, పదునైన కత్తెరతో కోయవలెను. లోపలివైపు కన్నును విడిచినచో కొమ్మలు ఒకదానిపై నొకటి పడును. ఎండినవానిని, ఒరసికొనువానిని మొదలంట తీసివేయవలెను. క్రొత్త చిగురు అరయడుగు పెరిగినప్పుడు దాని కొనను ఒక్కమారు గిల్లినచో రెండు మూడు కొమ్మలగును. పదే పదే గిల్లినచో పూత వెనుకబడును. ముసురువానలలో గట్టి కోత కూడదు. కోసినచోట కుళ్లు పట్టును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరమున చెట్ల నెట్లు కూల్చినదో మరువరాదు. గుబురుగా, పొట్టిగా నున్న చెట్టు సాగినదానికంటె గాలికి బాగుగ నిలుచును.

పిమ్మటి పోషణ

కోత యైన వెంటనే చివికిన పశువుల యెరువు మొదట వేసి, వేసవియందు నేల పూర్తిగా నెండకుండ నీరు పెట్టవలెను. పొటాషు పూతకు తోడ్పడును. భాస్వరము అధికమైనచో మందారమునకు హాని. ముడుచుకొని తెల్లని పిండి పట్టిన కొనలలో పిండినల్లి యుండును. వానిని గట్టున పారవేయక కాల్చివేయవలెను. ఆరోగ్యమైన కొమ్మలను అరయడుగు ముక్కలుగా కోసి, క్రిందియాకులు తీసి, నీడయందు ఇసుకమన్నులో నాటి తడి యారకుండ చూచినచో సుమారు నెలా పదునైదు దినములలో వేరు పట్టును. కోసిన కొమ్మయే క్రొత్త వరుసకు నారగును.

మంచి కత్తెర నొక్కొక్కరు కొనుట బరువైనచో నలుగురు సభ్యులు కలసి కొనవచ్చును. ఒక చెట్టు తెగులు మరియొకదానికి సోకకుండ, చెట్టు మారినప్పుడెల్ల కత్తెర యంచును స్పిరిటుతో తుడువవలెను. ఈ మాఘమున రైతు సోదరులు ఒక వరుసను పైవిధముగా కత్తిరించి, ప్రక్క వరుసను ముట్టక విడిచి, రెంటి పువ్వులను ఆశ్వయుజము వరకు లెక్కవ్రాయ గోరుచున్నాము. కోతవలన పోయిన పువ్వులెన్ని, తరువాత వచ్చినవెన్ని యని తమ చేతి లెక్కయే చెప్పును. ఆ లెక్కలను సంఘ సమావేశమున చదివినచో తక్కిన సభ్యులకును మేలు కలుగును.