అమ్మమ్మ వాళ్ళమ్మ పేరేంటి?

"మీ అమ్మగారి వైపు ఎవరికైనా ఈ జబ్బు ఉందా?"

డాక్టరుగారు మామూలుగానే అడిగారు. పక్కనే కూర్చున్న నేనూ, మా చెల్లెలూ మొహమొహాలు చూసుకున్నాం. చెల్లెలంటే మా పిన్ని కూతురు, నలభై రెండేళ్ళు. రొమ్ములో చిన్న గడ్డలా తగిలితే భయపడి గుంటూరు తీసుకెళ్ళాను. పిన్నికి లేదు. మా అమ్మకీ, పెద్దమ్మకీ లేదు. అమ్మమ్మ ఎనభై దాటాక నిద్రలోనే పోయింది. మరి అమ్మమ్మ వాళ్ళమ్మ?

"ఆవిడ చిన్నతనంలోనే పోయిందటండీ. ఏదో జబ్బు చేసి..."

"ఏం జబ్బు? ఎన్నేళ్ళకి?"

తెలియదు. ఆ మాటకొస్తే ఆవిడ పేరే మాకు తెలియదు. అమ్మమ్మ ఎప్పుడు చెప్పినా "మా అమ్మ" అనేదే తప్ప పేరెత్తేది కాదు. మేమూ అడగలేదు. అదేం చిత్రమో గానీ మా నాన్నగారి వైపు ఏడు తరాల వంశవృక్షం అద్దం కట్టించి హాల్లో పెట్టారు. తాత, ముత్తాత, ఆయన తండ్రి... కొమ్మలూ రెమ్మలూ అన్నీ ఉన్నాయి. ఒక్క ఆడపేరు లేదు. అంతమందిని ఎవరు కన్నారో మరి!

రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఐదు నుంచి పది దాకా వంశపారంపర్యంగా వచ్చేవని డాక్టరుగారు చెప్పారు. యాభై ఏళ్ళలోపే ఎవరికైనా వచ్చి ఉంటే దాన్ని మరింత పట్టించుకుంటారట. ముత్తమ్మమ్మ దాకా ఎందుకు అడుగుతారో అప్పుడర్థమయింది. అన్నట్టు, ఇది అమ్మవైపు నుంచే రావాలని లేదు. తండ్రి ద్వారానూ రావచ్చు. కాబట్టి మేనత్తల సంగతి కూడా కనుక్కోవాలి.

తెనాలిలో తుపాకులు పేలిన ఏడు

అమ్మమ్మ పుట్టింది వడ్లమూడిలో. ఇప్పుడంటే గుంటూరు నుంచి తెనాలి వెళ్ళే బస్సులో విజ్ఞాన్ కాలేజీ, సంగం డెయిరీ చూసి గుర్తుపడతారు గానీ అప్పట్లో అది మామూలు పల్లెటూరు. ఆ ఊరి జనన మరణాల పుస్తకంలో ముత్తమ్మమ్మ ఉంటుందేమో చూద్దామనుకున్నాం. కానీ ఏ సంవత్సరమని వెతికేది?

అమ్మమ్మ మాట ఒకటి అమ్మకి గుర్తుంది. "మా అమ్మ పోయిన మరుసటేడే తెనాలిలో తుపాకులు పేలాయి. అప్పుడు మీ అక్క నా కడుపులో ఉంది" అనేదట. తెనాలి కాల్పులు జరిగింది 1942 ఆగస్టు 12న. క్విట్ ఇండియా ఉద్యమంలో ఏడుగురు చనిపోయిన ఆ చోటే ఇప్పటి రణరంగ చౌక్. అంటే ముత్తమ్మమ్మ పోయింది 1941లో!

మన పెద్దవాళ్ళకి తేదీలు తెలియవంటాం గానీ వాళ్ళ లెక్క వాళ్ళకుంది. రేపల్లె, బాపట్ల వైపు ఇప్పటికీ "ఉప్పెనకి రెండేళ్ళ ముందు" అంటారు. ఉప్పెనంటే 1977 నవంబరు 19. "ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు" అంటే 1953. కాగితం పెన్సిలూ తీసుకుని పక్కన కూర్చుంటే చాలు, వాళ్ళ మాటల్లోంచే సంవత్సరాలు బయటపడతాయి. ఇది ఊరికే సరదాకి చెప్పడంలేదు. పుస్తకం వెతికించడానికి ఏడాదికింత అని రుసుము కట్టాలి. సంవత్సరం దగ్గరగా తెలిస్తే డబ్బూ కలిసొస్తుంది, గుమాస్తా విసుగూ తగ్గుతుంది.

ఆ పుస్తకాలు ఎక్కడుంటాయి?

మన వైపు మద్రాసు ప్రెసిడెన్సీ కదా, 1899లోనే ఒక చట్టం చేశారు. ఊళ్ళో పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ మునసబు రాసేవాడు. అందరినీ రాశాడనుకోకండి. కబురు అందితే రాసేవాడు. మారుమూల గూడేల్లోవి, పుట్టిన వారంలోపే పోయిన పసిగుడ్డులవి ఎన్నో ఆ పుస్తకానికి ఎక్కనే లేదు. దేశం మొత్తానికీ ఒకే చట్టం 1969లో చేశారు, 1970 నుంచి అమల్లోకొచ్చింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు తీసేశాక పాత పుస్తకాలు చేతులు మారాయి. చాలాచోట్ల అవి తహసీల్దారు కార్యాలయం రికార్డు గదికి చేరాయి. ఇప్పుడు పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి, పట్నాల్లో మునిసిపాలిటీ చూస్తున్నారు.

ఇంకో చిక్కుంది. తాలూకాలు పోయి 1985లో మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లాలోంచి బాపట్ల జిల్లా వేరయింది. వడ్లమూడి చేబ్రోలు మండలం కాబట్టి గుంటూరులోనే ఉండిపోయింది. రేపల్లె, బాపట్ల వాళ్ళు అటు వెళ్ళారు. మీ అమ్మమ్మ ఊరు అప్పట్లో ఏ తాలూకా, ఇప్పుడు ఏ మండలం అన్నది ముందే తెలుసుకుని బయల్దేరండి. లేకపోతే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి బంతిలా తిప్పుతారు.

మేమూ తిరిగాం. ఒక ఆఫీసులో (పేరెందుకు లెండి) గుమాస్తాగారు కళ్ళజోడు పైకి తోసి, "ఎనభై ఏళ్ళ కిందట పోయినావిడతో మీకేం పనమ్మా? ఆస్తి తగాదానా?" అన్నారు. ఆస్తి లేదు, తగాదా లేదు, ఆవిడ మా ముత్తమ్మమ్మ అంటే నమ్మరే! 1969 చట్టం 17వ సెక్షనులో ఎవరైనా సరే రుసుము కట్టి పుస్తకంలో వెతికించుకోవచ్చని, నకలు తీసుకోవచ్చని రాసి ఉంది. ఆస్తి ఉండాలని గానీ, కోర్టు కాగితం తేవాలని గానీ అందులో లేదు. ఆ మాట కాగితం మీద రాసి అర్జీతో జతచేశాక పని కదిలింది. వెతికినా దొరకకపోతే "నమోదు లేదు" అని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. తర్వాత ఆలస్యంగా నమోదు చేయించుకోవాలంటే ఆ కాగితం అవసరం పడుతుంది.

జ్వరం... జ్వరం... జ్వరం...

మూడోసారి వెళ్ళినప్పుడు పుస్తకం దొరికింది. అంచులు పురుగు కొట్టేసి, పట్టుకుంటే పొడి రాలుతోంది. ముత్తమ్మమ్మని ఒకసారి దాటేసి వెళ్ళిపోయాం కూడా. ఎందుకంటే ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎరుగని పేరు. భర్త పేరు, ఇంటిపేరు చూసి మళ్ళీ వెనక్కి తిప్పాం. ఆడ. హిందూ. ముప్ఫై ఎనిమిదేళ్ళు. 1941.

ముప్ఫై ఎనిమిది! చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మరి కారణం? ఇక్కడే చట్టం మెలిక ఉంది. మరణ కారణాన్ని నకలులో ఎవరికీ వెల్లడించకూడదని అదే 17వ సెక్షను చెబుతోంది. పోయినవాళ్ళ గుట్టు కాపాడటం మంచిదే, కాదనను. నిన్నో మొన్నో పోయినవాళ్ళ జబ్బు వీధిలో పడకూడదు. కానీ ఎనభై ఏళ్ళు దాటాక, అదే రక్తం పంచుకు పుట్టిన మనవరాలు ప్రాణభయంతో అడిగినా అదే మాటా? ఇన్నేళ్ళు గడిస్తే సొంత వంశంవాళ్ళకి చెప్పవచ్చని ఒక వెసులుబాటు పెడితే ఎవరికి నష్టం?

అయితే ఆ గడి చూసినా మాకు ఒరిగేది లేకపోవచ్చు. ఆ రోజుల్లో పల్లెటూళ్ళో డాక్టరెక్కడ? కలరా, మశూచి లాంటివి తప్ప మిగతా చావులన్నీ చాలామటుకు "జ్వరం" కిందే రాసేసేవారు. తెల్లదొరల కాలం నాటి లెక్కల్లో ఈ లోపం అందరికీ తెలిసిందే. పురిటిలో పోయినా జ్వరమే, క్షయతో పోయినా జ్వరమే.

మిగిలిన సగం సంగతి వడ్లమూడిలో తెలిసింది. వయసు తొంభై దాటిన ఒక మామ్మగారు మంచం మీద కూర్చుని ఒత్తులు చేసుకుంటున్నారు. పుస్తకంలో పేరు చెబితే "అట్లాంటి వాళ్ళెవరూ లేరే" అన్నారు. ఇంటిపేరు, అమ్మమ్మ పేరు చెప్పేసరికి ఆవిడ మొహం వికసించింది. "ఓ, ఆవిడా! అత్తగారి పేరూ ఆవిడ పేరూ ఒకటే అయితే కాపురానికొచ్చాక మార్చి పిలిచారు" అంటూ ఇంకో పేరు చెప్పారు. అత్తపేరు పెట్టి పిలవకూడదు కదా! పుట్టింటి పేరు మునసబు పుస్తకంలో, అత్తింటి పేరు ఊరి నోట్లో. ఆవిడ కూతురి కూతుళ్ళమైన మాకు రెండూ దక్కలేదు.

"ఏం జబ్బు మామ్మగారూ?"

"నేనప్పుడు గౌన్లేసుకు తిరిగేదాన్ని. మా అమ్మ చెబుతుండేది. రొమ్మున రాచపుండు పుట్టిందంట. ఎవరికీ చూపించుకోలేదంట, సిగ్గుతో."

రాచపుండు. ఇప్పుడు మనం క్యాన్సరంటున్నదే అయి ఉండాలి.

సముద్రం దాటిన ఆడకూలీకి ఉన్నపాటి లెక్క

ఈ గొడవలో పడ్డాక ఒక సంగతి తెలిసి ఆశ్చర్యపోయాను. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి కూలీలతో వెళ్ళిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరింది. 1911 దాకా అలా వెళ్ళినవాళ్ళు లక్షా యాభై రెండు వేల పైచిలుకు, వాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరో. ప్రతి మనిషికీ ఒక నెంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, ఒంటిమీద పుట్టుమచ్చలతో సహా రాసుకున్నారు. ఆడవాళ్ళకీ అంతే. మారిషస్‌లో మోకా ఊళ్ళోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో అలాంటి పుస్తకాలు భద్రంగా ఉన్నాయి, కొందరివి ఫోటోలు కూడా. మనవలు వెళ్ళి తమవాళ్ళ వివరాలు తెచ్చుకుంటున్నారు. వాళ్ళమీద ప్రేమతో రాయలేదు, పారిపోతారని రాశారు. అయినా ఓడెక్కిన కూలీ ముత్తవ్వకి పుట్టుమచ్చ కూడా మిగిలింది. ఊళ్ళోనే ఉన్న మన ముత్తవ్వకి పేరు మిగల్లేదు!

పేరు చెప్పకపోవడం మన ఆడవాళ్ళకి మర్యాద కింద నేర్పారు. 1951-52లో మొదటి ఎన్నికలకి జాబితా రాసేటప్పుడు సుమారు ఇరవై ఎనిమిది లక్షల మంది స్త్రీలు "ఫలానావారి భార్యని", "ఫలానావారి కూతుర్ని" అన్నారే గానీ సొంతపేరు చెప్పలేదట. వాళ్ళ పేర్లు జాబితాలోంచి తీసేశారు. వాళ్ళలో ఎక్కువమంది ఉత్తరాది వాళ్ళే గానీ మనమేం తక్కువ తిన్నాం? ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే పెంటమ్మ, పుల్లమ్మ అని పెట్టేవాళ్ళం కదా. మీ వంశంలో ఆ పేరుగలవాళ్ళుంటే వాళ్ళకి ముందు పోయిన పిల్లలున్నారేమో అడిగి చూడండి.

జనన మరణ పుస్తకంలో దొరకకపోతే ఊరుకోనక్కర్లేదు. పసుపు కుంకుమ కింద అమ్మాయికి పొలం రాసిచ్చి ఉంటే ఆ దస్తావేజులో "ఫలానావారి కుమార్తె, ఫలానావారి భార్య" అని రెండిళ్ళ పేర్లూ ఉంటాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల నకళ్ళు ఎవరైనా అడగవచ్చు. గుంటూరులో లూథరన్ మిషను 1842లోనే మొదలైంది కాబట్టి ఆ చర్చిలకి చెందినవాళ్ళు బాప్తిస్మం, పెళ్ళి పుస్తకాలు అడగాలి. ముస్లిం కుటుంబాలైతే ఖాజీ దగ్గర నిఖా పుస్తకం ఉంటుంది. బళ్ళో అడ్మిషన్ రిజిస్టరు సరేసరి, కాకపోతే అందులో పుట్టినరోజు మాస్టారు ఊహించి వేసిందై ఉండొచ్చు.

ఇక ఇప్పటి తల్లులకి ఒక్క మాట. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్ళకి బడిలో చేరడం నుంచి ఓటు దాకా జనన ధృవీకరణ పత్రమే ఆధారం. ఆస్పత్రివాళ్ళు పుట్టుక నమోదు చేస్తారు గానీ పిల్ల పేరు గడి ఖాళీగా ఉండిపోతుంది, మనకింకా బారసాల కాలేదు కదా. ఏడాదిలోపు వెళ్ళి పేరు రాయించండి. పన్లో పనిగా మీ పేరు స్పెల్లింగు సరిగ్గా పడిందో లేదో చూసుకోండి.

చెల్లెలు ఆ నకలూ, మామ్మగారి మాటా తీసుకెళ్ళి డాక్టరుగారికి చెప్పింది. ఆవిడ కేసు కాగితం మీద "అమ్మమ్మ తల్లి, 38 ఏళ్ళు" అని రాసుకుని జన్యు పరీక్షకి రాశారు. గడ్డ ముక్క తీసి పరీక్షకి పంపారు. రెండూ ఇంకా రావాలి. ఈలోగా ఇంట్లో ఉన్న రూళ్ళ పుస్తకంలో మా అమ్మవైపు పేర్లు రాయడం మొదలుపెట్టింది చెల్లెలు. ముత్తమ్మమ్మకి రెండు పేర్లూ రాసింది. ఆ పైగీత మాత్రం ఖాళీగా ఉంది. వచ్చే ఆదివారం మళ్ళీ వడ్లమూడి వెళదామంటోంది, మామ్మగారు ఉండగానే.