పాఠశాలలో ప్యాకేజీల గాదె

పులికాట్ సరస్సు ముఖద్వారము ఇసుకతో పూడినచో సముద్రపు నీరు లోనికి రాదు. కొంతకాలము వరకు పైకి సరస్సు సరస్సుగానే కనబడును. తేడా ముందు తెలియునది వలవేయువానికే. కంప్యూటర్లకు సాఫ్ట్‌వేరు నందించు భాండారమునకును ఇట్టి దశ రావచ్చును.

సూళ్లూరుపేట ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాలలో లినక్సుతో నడచు 30 కంప్యూటర్లున్నవనుకొందాము. లినక్సులో సాఫ్ట్‌వేరు ‘ప్యాకేజీ’లను మూటలుగా వచ్చును, ఆ మూటల భాండారమే రిపాజిటరీ. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్‌కు అట్టి పెద్ద భాండారము కలదు. ఒక్కొక్క కంప్యూటరు 200 మెగాబైట్ల సవరణలను నేరుగా తెచ్చుకొన్నచో మొత్తము 6,000 మెగాబైట్లగును. బడిలోని సర్వరుపై నకలుంచుకొన్నచో బయటినుండి ఒక్కమారు తెచ్చిన చాలును. అయితే భాండారమంతయు తెచ్చుకొనబూనుట అవివేకము. ఆదాకంటె ఖర్చే ఎక్కువ. కావలసిన మూటలను, వాటికి ఆధారమైన మూటలను మాత్రమే ఏరుకొనవలెను.

ఈ పనికి ఆప్ట్‌లీ అను ఉపకరణమున్నది. మొదట దానికి డెబియన్ వారి బహిరంగపు తాళపుచెవి నీయవలెను. వారు తమ పట్టికపై రహస్యపు తాళపుచెవితో సంతకము చేయుదురు. ఆ పట్టిక ఆధారముగా ప్రతి మూటకును ఒక సంఖ్యాముద్ర లభించును. మూటలో ఒక్క అక్షరము మారినను ముద్ర సరిపోదు. సంతకము సరిచూచుకొని ఆప్ట్‌లీ నకలు తెచ్చును. తరువాత ‘స్నాప్‌షాట్’ తీయవలెను. ఇది ఆనాటి మూటల జాబితా మాత్రమే కనుక డిస్కుపై చోటు దాదాపు పట్టదు. చివర ఆ స్నాప్‌షాటును బడి సొంత తాళపుచెవితో సంతకము చేసి ప్రకటింపవలెను. ఎన్‌జింక్స్ వంటి వెబ్ సర్వరు దానిని 30 కంప్యూటర్లకు అందించును. ఆ కంప్యూటర్లలో బడి బహిరంగపు తాళపుచెవియు, సర్వరు చిరునామాయు చేర్పవలెను.

సంతకమున్నంత మాత్రమున సరకు మంచిదని కాదు. 2024 మార్చిలో ‘ఎక్స్‌జెడ్’ అను ప్యాకేజీలో దొంగదారి బయటపడినది. దూరపు కంప్యూటరులో ప్రవేశించుటకు అరసెకను ఆలస్యమగుటను గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ దానిని పట్టుకొనెను. అప్పటికే అది డెబియన్ ప్రయోగశాఖలలో సక్రమమైన సంతకముతోనే చేరియుండెను; స్థిరశాఖకు మాత్రము రాలేదు. కావున క్రొత్త స్నాప్‌షాటును ముందు ఒక కంప్యూటరుకే ఇచ్చి చూచుట మేలు. చెడినచో నిన్నటి స్నాప్‌షాటునే తిరిగి ప్రకటింపవచ్చును. అయితే కంప్యూటర్లలో అప్పటికే చేరిన మూటలు వాటంతట అవి వెనుకకు పోవు. పాతవాటిని ప్రత్యేకముగా ఎక్కింపవలెను.

పలువురు మరచునది మరొకటి. డెబియన్ భద్రతా సవరణల భాండారము వేరు. దానిని నకలులో చేర్పక, కంప్యూటర్లను బడి సర్వరుకే కట్టివేసినచో, లోపములున్నను ప్రతి కంప్యూటరు ‘అన్నియు సరిక్రొత్తవే’ యని చెప్పుచుండును. నకలును మాత్రము తాజాపరచి, క్రొత్త స్నాప్‌షాటు తీసి ప్రకటించుట మరచినను ఇదే గతి.