సైదాపూర్‌లో రైలెక్కే ముందు

నారాయణపేట పట్నంలోకి రైలు రాదు. ఇక్కడి నుంచి దూర దేశం పోవాలంటే సరిహద్దు దాటి కర్ణాటకలోని సైదాపూర్‌కు పోవాలి. ఆ స్టేషన్‌కు ఒకప్పుడు 'నారాయణపేట రోడ్' అనే పేరుండేది. 2023 అక్టోబరులో జక్లేర్-కృష్ణ మార్గం మొదలయ్యాక మక్తల్ దిక్కు వాళ్లకు ఇంకో దారి దొరికింది. కానీ తాతల కాలం నుంచి ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ముంబయికి, పుణేకు బయల్దేరిన వాళ్లకు గుర్తుండేది సైదాపూరే.

వలస పోవడం ఈ నేలకు కొత్త కాదు. దేశంలో ఎన్నో ప్రాజెక్టుల మట్టి పనిలో 'పాలమూరు లేబర్' అని పేరుపడ్డ పాత మహబూబ్‌నగర్ జిల్లా కూలీల చెమట ఉంది. ఆ పనికి పోయే మనిషి మేస్త్రీని మూడే మాటలు అడిగేవాడు. ఎన్ని నెలలు? చేతికెంత? తిరిగొచ్చుడు ఎప్పుడు? అడ్వాన్సు పైసలు ముట్టుకునే ముందే ఈ మూడూ తేల్చుకునేవాడు. చదువు రాకపోయినా లెక్క తప్పేవాడు కాదు.

ఇప్పుడు అదే ఇళ్లలో పిల్లలు చీకటితోనే లేచి ఫౌజు కోసం ఉరుకుతున్నారు. ఉరుకుడు గురించి వాళ్లకు అన్నీ తెలుసు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో ముగిస్తే 60 మార్కులు, బీమ్ పట్టుకుని పదిసార్లు లేస్తే 40. ఆ పైన తొమ్మిది అడుగుల గుంత దూకాలి. తాత అడిగిన మూడు ప్రశ్నలు మాత్రం ఈ పిల్లలు అడగడం లేదు. అడగాలనుకున్నా చెప్పే మనిషి ఊళ్లో లేడు. పశ్చిమ గోదావరిలోని మాధవరం లాంటి ఊళ్లో మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటింటా సైనికులున్నారు. అక్కడ పిల్లవాడికి సందేహం వస్తే పక్కింటి సుబేదారు తీరుస్తాడు. ధన్వాడలోనో దామరగిద్దలోనో పదో తరగతి పాసైన పిల్లవాడికి ఆ పక్కిల్లు లేదు. ఈ కథనం ఆ పిల్లవాడి కోసం, వాడి తల్లిదండ్రుల కోసం.

కాగితాల దగ్గరే సగం ఓటమి

తెలంగాణ జిల్లాలన్నిటికీ సైన్యంలో భర్తీ చూసేది సికింద్రాబాద్‌లోని ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు. 2023 నుంచి పద్ధతి తిరగబడింది. అంతకుముందు ముందుగా పరుగు, తర్వాత రాత పరీక్ష. ఇప్పుడు ముందుగా కంప్యూటర్ మీద రాత పరీక్ష, అందులో నెగ్గితేనే ర్యాలీకి పిలుపు. ఏడాది పొడుగునా గ్రౌండులోనే గడిపి పుస్తకం ముట్టని పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు. జనరల్ డ్యూటీ (మామూలు జవాను) పోస్టుకు పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ఒక్కో సబ్జెక్టులో 33 శాతం ఉండాలి. క్లర్కు పోస్టుకు ఇంటర్‌లో 60 శాతం. వయసు పదిహేడున్నర నిండాలి. పై హద్దు ఎంతో ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి, నిరుటి మాట పట్టుకోవద్దు. దరఖాస్తు రుసుము 250 రూపాయలు. అంతకు మించి ఒక్క రూపాయి అడిగినవాడు దళారీ. వాడికి ఇచ్చిన సొమ్ము తిరిగి రాదు, వాడి వల్ల ఉద్యోగమూ రాదు.

ర్యాలీలో పరుగు నెగ్గిన వాడు కూడా కాగితాల బల్ల దగ్గర వెనక్కి రావచ్చు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. తండ్రి పేరు ఒకచోట 'అప్ప' అని, ఇంకోచోట 'అయ్య' అని ముగుస్తుంది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ కలగలిసిన ఈ సరిహద్దులో పేర్లు నాలుగు రకాలుగా రాసేస్తారు. నోటిఫికేషన్ వచ్చాక దిద్దించుకుందామంటే టైము చాలదు. రాయచూరులోనో యాదగిరిలోనో చదువుకున్న పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. భర్తీకి లెక్కలోకి వచ్చేది చదివిన ఊరు కాదు, నివాస ధ్రువపత్రంలో ఉన్న ఊరు. కుల ధ్రువపత్రం, నడవడికపై సర్పంచ్ ఇచ్చే పత్రం, పెళ్లి కాలేదన్న పత్రం ముందే సిద్ధంగా ఉండాలి. పచ్చబొట్టు ఉంటే, ఒంటి మీద ఎక్కడ ఉన్నదాన్ని ఒప్పుకుంటారో ప్రకటనలోనే చదవాలి. జాతరలో సరదాగా వేయించుకున్న బొమ్మ మెడికల్‌లో అడ్డం పడవచ్చు.

ఇంటర్ చదివే పిల్లలకు ఒక మాట. జవానుగా చేరడం, ఆఫీసరుగా చేరడం రెండు వేరు దారులు. ఇంటర్ మీద నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ), డిగ్రీ మీద కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ (సీడీఎస్) పరీక్షలు రాస్తే ఆఫీసరు దారి. సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబు కోరుకొండ సైనిక్ స్కూలు నుంచి ఎన్‌డీఏ మీదుగా 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసరు దాకా ఎదిగారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ప్రాణమిచ్చారు. ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు. మన పాత నల్గొండ జిల్లా బిడ్డ వెళ్లిన ఆ దారి పాలమూరు పిల్లలకూ తెరిచే ఉంది. 2022 నుంచి ఎన్‌డీఏలో ఆడపిల్లలూ చేరుతున్నారు. ఈ సంగతి మన జూనియర్ కాలేజీల్లో ఎవరైనా గట్టిగా చెప్పాలి.

చేతికెంత?

2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ ప్రకటించింది. జవాన్ల భర్తీ ఇక నాలుగేళ్లకే అన్నది ఆ పథకం, అలా చేరినవాడు అగ్నివీరుడు. అప్పటికి కోవిడ్ పేరుతో రెండేళ్లు భర్తీ ఆగింది. పరుగు, మెడికల్ నెగ్గి రాత పరీక్ష కోసం ఎదురుచూస్తున్న పిల్లలకు ఆ పరీక్షే లేదన్నారు. మూడు రోజుల తర్వాత, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్‌లో బోగీలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో ఓరుగల్లు దిక్కు యువకుడు ఒకరు చనిపోయాడు. ఆ కోపం వెనక ఉన్నది తాత అడిగిన మూడో ప్రశ్నకు కొనసాగింపే: తిరిగొచ్చాక ఏంది?

ఎన్ని నెలలన్న మొదటి ప్రశ్నకు జవాబు ఆ నాలుగేళ్లే. మూడోదానికి ముందు రెండో ప్రశ్న చూద్దాం. అగ్నివీరుడికి మొదటి ఏడు నెలకు 30,000. తర్వాత 33,000, 36,500, చివరి ఏడు 40,000. ఇందులో 30 శాతం సేవా నిధికి పట్టుకుంటారు కాబట్టి మొదటి ఏడు చేతికొచ్చేది 21,000, చివరి ఏడు 28,000. నాలుగేళ్లలో పట్టుకున్నది 5 లక్షల 2 వేల 200. సర్కారు అంతే కలుపుతుంది. వడ్డీ కాక 10 లక్షల 4 వేల 400. దీనికి ఆదాయపు పన్ను లేదు. ఏటా 30 రోజుల సెలవు. నాలుగేళ్లూ పెళ్లి చేసుకోకూడదు. ఇది ఇంట్లో పెద్దలకు ముందే చెప్పి పెట్టాలి, సంబంధాలు చూడటం మొదలుపెట్టాక కాదు.

జీతంలో పైసా కోయకుండా 48 లక్షల బీమా ఉంటుంది. విధి నిర్వహణ వల్ల ప్రాణం పోతే ఇంకో 44 లక్షల పరిహారం, మిగిలిన సర్వీసు జీతం, సేవా నిధి కుటుంబానికి చేరతాయి. ఈ మాట మాట్లాడటానికి ఏ తల్లికీ నోరు రాదు. అయినా నామినీగా ఎవరి పేరు రాశాడో, ఆ పేరు బ్యాంకు పుస్తకంలో, ఆధార్‌లో అలాగే ఉందో లేదో మొదటి సెలవులోనే కూర్చుని చూసుకోవాలి.

తిరిగొచ్చుడు

మధ్యలో 'నాకు వద్దు, ఇంటికి పోతా' అంటే? అగ్నివీరుడు తన ఇష్టం మీద నాలుగేళ్లకు ముందు బయటికి రాలేడు. తప్పనిసరి పరిస్థితుల్లో పై అధికారులు ఒప్పుకుంటేనే. అప్పుడు కూడా తన జీతంలోంచి పట్టుకున్న సొమ్ము, వడ్డీ మాత్రమే వస్తాయి. సర్కారు వాటా రాదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని మధ్యలో వచ్చేసిన కూలీ సంగతి ఎరిగిన ఊళ్లకు ఈ షరతు తొందరగానే అర్థమవుతుంది.

నాలుగేళ్లు నిండాక నూటికి 25 మంది దాకా సైన్యంలో ఉంచుకుంటారు. వాళ్లు మరో 15 ఏళ్లు చేయాలి. మొదటి నాలుగేళ్లు పింఛను లెక్కలోకి రావు. సేవా నిధిలో తమ వాటా మాత్రమే దక్కుతుంది. మిగతా 75 మంది సేవా నిధి, నైపుణ్య ధ్రువపత్రం తీసుకుని ఇంటికి వస్తారు. పది మీద చేరినవారికి పన్నెండో తరగతితో సమానమైన పత్రం ఇస్తారు. వీళ్లకు పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, క్యాంటీన్ కార్డు లేదు, మాజీ సైనికులకుండే ఈసీహెచ్‌ఎస్ వైద్యం లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా 'మాజీ సైనికుడు' అన్న హోదా లేదు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు ఉండే 10 శాతం, బ్యాంకు క్లర్కుల్లో 14.5 శాతం వీళ్లకు వర్తించవు. అయితే కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో వీళ్లకు విడిగా కోటా ప్రకటించారు, వయసు సడలింపు కూడా ఇచ్చారు. ఇరవై రెండేళ్ల పిల్లవాడు సేవా నిధిని అన్నల పెళ్లిళ్లకో బోరు బావికో పెట్టేసే ముందు ఆ బలగాల నోటిఫికేషన్లు చదవాలి.

నాకు ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాచుకోను. మంచులో నాలుగేళ్లు కాపలా కాసి వచ్చిన వాణ్ణి మాజీ సైనికుడు అనకపోవడం అన్యాయం. డబ్బు సంగతి ఎలా ఉన్నా ఆ పేరైనా ఇవ్వాలి. దానికి గడువూ ఉంది: మొదటి బ్యాచ్ శిక్షణ 2023 జనవరిలో మొదలైంది కాబట్టి వాళ్ల నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో నిండుతాయి.

పాత పద్ధతిలో చేరి పింఛను మీద వచ్చిన జవాన్ల ఇళ్లలో తంటా వేరే. సిపాయికి కనీసం 15 ఏళ్ల సర్వీసుకు పింఛను వస్తుంది. ఆయన ఉన్నంత కాలం ఇబ్బంది కనపడదు. ఆయన పోయాక భార్య బ్యాంకుకు వెళితే రికార్డులో పేరు ఒకటి, ఆమె ఆధార్‌లో ఇంకొకటి. పెళ్లి, పిల్లల పుట్టుక సర్వీసులో ఉండగానే 'పార్ట్ టూ ఆర్డర్' అనే సర్వీసు రికార్డులో ఎక్కాలి. అది ఎక్కకపోతే కుటుంబ పింఛను కోసం ఆ తల్లి నెలల తరబడి తిరగాలి. డిశ్చార్జి పుస్తకం, పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) అనే రెండు కాగితాలూ పట్టా పాసుపుస్తకం దాచిన పెట్టెలోనే దాచాలి. పింఛను ఇప్పుడు 'స్పర్శ్' అనే ఆన్‌లైన్ విధానం ద్వారా వస్తుంది, బతికి ఉన్నట్టు పత్రం ఏటా ఇవ్వాలి.

ఈ పనుల్లో సాయానికి సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయింది గానీ ఈ పని మీద పోవాల్సింది ఇంకా మహబూబ్‌నగర్‌కే, పోను రాను నూరు కిలోమీటర్లు దాటుతుంది. జవాను భార్య మొదటిసారి పోయేటప్పుడు వెంట చదువుకున్న పిల్లవాణ్ణి ఎవరినైనా తీసుకుపోవాలి. డిశ్చార్జి పుస్తకం, పీపీవో, ఆధార్, బ్యాంకు పుస్తకం, పెళ్లి నాటి ఫొటో ఒకటి సంచిలో పెట్టుకోవాలి. పొద్దున్నే మొదటి బస్సుకు బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.