ఉమ్మడి గొర్రె, ఎల్.ఎల్.సి.

కిందటి సంక్రాంతి సంబరాల్లో భోజనాల వరసలో నిలబడి ఉండగా కొత్తగా మా ఊరు వచ్చిన ఒక కుర్రాడు పలకరించాడు. "అన్నయ్యగారూ, మేం నలుగురు స్నేహితులం కలిసి టిఫిన్ సెంటరు పెడుతున్నాం. వదినగారి మిఠాయిల వ్యాపారానికి మీరు ఎల్.ఎల్.సి. పెట్టించారటగా. మేమంతా ఒకే కాలేజీ వాళ్ళం, అన్నదమ్ముల్లా ఉంటాం. మాకు కూడా అదంతా అవసరమంటారా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మాకు పదిమంది ముందు అదే వరసలో నా కాలేజీ మిత్రుడు నిలబడి ఉన్నాడు. హాస్టల్లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నవాళ్ళం. మా ఇద్దరికీ మాటల్లేక అప్పటికి చాలా ఏళ్ళయింది. దానికి కారణం అన్నదమ్ముల్లా ఉంటామన్న ఆ ధైర్యమే.

మా ముగ్గురి కిరాణా కొట్టు

2012లో అతనూ, నేనూ, ఇంకో మిత్రుడూ కలిసి డిట్రాయిట్ శివార్లలో కిరాణా కొట్టు తెరిచాం. తలా 15,000 డాలర్లు వేసుకున్నాం. షాపు పేరు కౌంటీ ఆఫీసులో నమోదు చేయించాం. అంతకు మించి ఒక్క కాగితం రాసుకోలేదు. మన మధ్య కాగితాలేమిటని నవ్వుకున్నాం. నవ్వినవాళ్ళలో నేనే ముందు.

రెండేళ్ళ తర్వాత ఒక చలికాలపు సాయంత్రం, జనం బూట్లకు అంటుకొచ్చిన మంచు కరిగి గుమ్మం దగ్గర నేల తడిసింది. ఒక పెద్దావిడ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. కొన్ని నెలలకు ఆవిడ లాయరు దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఇన్సూరెన్సు ఉందిగా అనుకుని ఫైలు తీసి చూస్తే, పాలసీ రెన్యువల్ కట్టకపోవడం వల్ల అప్పటికే రద్దయి ఉంది. నోటీసు నా కాలేజీ మిత్రుడి పాత ఇంటి అడ్రసుకు పోయింది. ఒకరు కట్టి ఉంటారని ఇంకొకరం అనుకున్నాం. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు.

అప్పుడు మేం పెట్టుకున్న లాయరు చెప్పిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఏ కంపెనీ పెట్టకుండా ఇద్దరు ముగ్గురు కలిసి లాభం కోసం వ్యాపారం చేస్తే, చట్టం దాన్ని తనంతట తానే జనరల్ పార్ట్‌నర్‌షిప్‌గా చూస్తుంది. వ్యాపారం మీద పడే బాధ్యతకు భాగస్థుల సొంత ఆస్తులు కూడా పూచీ. మూడో మిత్రుడు ఉద్యోగం పోయి అప్పటికే ఇండియా వెళ్ళిపోయాడు. కోర్టు బయట 70,000 డాలర్లకు రాజీ కుదిరింది. మా ఇద్దరం చెరిసగం కట్టాం. నేను ఇంటి మీద అప్పు తెచ్చాను. అమ్మాయి కాలేజీకని దాచిన డబ్బులోంచి కొంత తీశాను. తప్పు నీదంటే నీదని అనుకున్నాం. కొట్టుతో పాటు స్నేహమూ మూతబడింది.

ఏమిటీ ఎల్.ఎల్.సి.?

లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ అంటే పరిమిత బాధ్యత గల కంపెనీ. వ్యాపారం వేరు, యజమాని వేరు. వ్యాపారం అప్పులపాలైతే సాధారణంగా పోయేది వ్యాపారంలో పెట్టిన సొమ్ము వరకే. ఇల్లూ, పిల్లల చదువు డబ్బూ దాని జోలికి రావు. అమెరికాలో దీనికి మొదట చట్టం చేసింది 1977లో వయోమింగ్ రాష్ట్రం. పన్ను సంగతి తేలక కొన్నేళ్ళపాటు మిగతా రాష్ట్రాలు పెద్దగా ముందుకు రాలేదు. దీన్ని భాగస్వామ్యంలాగే చూసి పన్ను వేస్తామని 1988లో ఐ.ఆర్.ఎస్. చెప్పాక ఒకదాని వెనుక ఒకటి చట్టాలు చేశాయి. మా మిషిగన్ చట్టం 1993 నాటిది. మన దేశంలో కొంతవరకు దీన్ని పోలిన ఎల్.ఎల్.పి. చట్టం 2008లో వచ్చింది.

నా శ్రీమతి మిఠాయిలు, కారాలు చేసి అమ్మడం మొదలుపెట్టినప్పుడు, ఒక కమర్షియల్ కిచెన్ అద్దెకు తీసుకోకముందే ఎల్.ఎల్.సి. పెట్టించాను. అనుకున్నంత కష్టమేమీ కాదు. ముందు పేరు ఇంకెవరికైనా ఉందేమో చూసుకోవాలి. నోటీసులు అందుకోవడానికి రాష్ట్రంలో అడ్రసు ఉన్న ఒక ఏజెంటును చూపాలి. ఆ పని మనమే చేయవచ్చు. ఆర్టికల్స్ ఆఫ్ ఆర్గనైజేషన్ అనే చిన్న ఫారం దాఖలు చేయాలి. మిషిగన్‌లో ఫీజు 50 డాలర్లు. ఏటా ఫిబ్రవరి 15 లోగా 25 డాలర్లతో వార్షిక స్టేట్‌మెంటు పంపాలి. తర్వాత ఐ.ఆర్.ఎస్. దగ్గర ఇ.ఐ.ఎన్. నంబరు తీసుకోవాలి. అది పూర్తిగా ఉచితం.

ఫీజులు రాష్ట్రానికో తీరు. టెక్సస్‌లో దాఖలుకు 300 డాలర్లు. కాలిఫోర్నియాలో లాభం రాకపోయినా ఏటా కనీసం 800 డాలర్లు కట్టాలి. న్యూయార్క్‌లో అయితే కంపెనీ పెట్టిన 120 రోజుల్లోగా రెండు పత్రికల్లో వరసగా ఆరు వారాలు ప్రకటన వేయించాలి. డెలావేర్‌లో పెడితే మంచిదటగా అని చాలామంది అడుగుతారు. కొట్టు మిషిగన్‌లో ఉంటే అక్కడ పెట్టినా ఇక్కడ మళ్ళీ రిజిస్టరు చేయాలి. రెండుచోట్లా ఫీజులు తప్పవు. చిన్న వ్యాపారానికి ఉన్న ఊరే మేలు.

ఇల్లు అలకగానే పండగ కాదు

కాగితం చేతికి రాగానే కవచం తొడుక్కున్నట్టు కాదు. ముందుగా తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, బ్యాంకు ఖాతా వేరుగా ఉండాలి. కంపెనీ కార్డుతో ఇంటి సరుకులు కొని, ఇంటి చెక్కుతో కొట్టు అద్దె కడుతుంటే, ఇది కంపెనీ కాదు, యజమాని జేబేనని కోర్టు ఆ తెర తొలగించే ప్రమాదముంది.

రెండవది, సొంత సంతకం. బ్యాంకువారూ, షాపు యజమానీ చాలాసార్లు వ్యక్తిగత హామీ అడుగుతారు. దాని మీద సంతకం పెట్టాక ఆ బాకీ వరకు ఎల్.ఎల్.సి. అడ్డురాదు.

మూడవది, మన చేతులతో చేసిన తప్పుకు మనమే బాధ్యులం. డాక్టరు మిత్రులు ఇది గమనించాలి. చాలా రాష్ట్రాల్లో వారికి పి.ఎల్.ఎల్.సి. అని వేరే రకం ఉంది. అది పెట్టినా తమ వైద్యంలో జరిగిన పొరపాటుకు రక్షణ రాదు. మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్సు ఉండవలసిందే. మా కొట్టుకు ఎల్.ఎల్.సి. ఉన్నా ఇన్సూరెన్సు లేని లోటు తీరేది కాదు. రెండూ కావాలి.

నాలుగవది, పన్ను. ఒక్కరే సభ్యులైతే పన్ను లెక్కలో కంపెనీ లేనట్టే. షెడ్యూల్ సి లో చూపితే చాలు. భార్యాభర్తలిద్దరూ సభ్యులైతే మా రాష్ట్రంలో విడిగా 1065 రిటర్ను వేయాలి, దాని గడువు మార్చి 15. అందుకే మేం ఆమె ఒక్కరి పేరే పెట్టాం. లాభం మీద ఆదాయపు పన్ను కాక 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను కూడా ఉంటుందని మొదటి ఏడాదే లెక్క వేసుకోవాలి. లాభం పెరిగాక ఎస్ కార్పొరేషన్‌గా పన్ను కట్టే వీలుంది. అది అకౌంటెంటుతో కూర్చుని తేల్చుకోవలసిన విషయం. అయితే హైదరాబాదులో ఉండే బావమరిదికి వాటా ఇస్తే ఆ దారి మూసుకుపోతుంది. అమెరికా పన్ను లెక్కలో రెసిడెంటు కాని విదేశీయులకు అందులో వాటా ఉండకూడదు.

అయిదవది, వీసా. హెచ్-1 మీద ఉన్నవారికి కంపెనీలో వాటా ఉండవచ్చు. కానీ అనుమతి లేకుండా అందులో పని చేయకూడదు. సాయంత్రం కౌంటరు దగ్గర కూర్చోవడం కూడా పనే. ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా అడుగు వేయకండి.

ఇంకో మాట. కంపెనీ పెట్టిన కొన్నాళ్ళకే సర్కారు ఉత్తరాల్లా కనిపించే కవర్లు వస్తాయి. ఫలానా సర్టిఫికెట్టుకు ఇంత పంపండని ఉంటుంది. చాలావరకు అవి ప్రైవేటు కంపెనీల వ్యాపారం. యజమానుల వివరాలు ఫిన్‌సెన్‌కు ఇవ్వాలన్న నిబంధననుంచి కూడా 2025 మార్చిలో అమెరికాలో ఏర్పడిన కంపెనీలను మినహాయించారు. ఆ పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి.

నలుగురూ కూర్చుని రాసుకోవలసింది

అన్నిటికన్నా ముఖ్యం ఆపరేటింగ్ అగ్రిమెంటు. ఎవరి పెట్టుబడి ఎంత, ఎవరి పని ఏది, లాభం ఎలా పంచుకోవాలి, ఒకరు తప్పుకుంటే వాటాకు వెల ఎలా కట్టాలి, ఒకరు పోతే వారి కుటుంబానికి ఏం దక్కాలి, ఇద్దరిద్దరు చెరోవైపు ఉంటే ఎలా తేల్చుకోవాలి అన్నవి అందులో ఉండాలి. ఇన్సూరెన్సు ఎవరు కట్టాలి, కట్టినట్టు ఎవరు చూడాలి అన్నది కూడా రాసుకోండి. రాసుకోకపోతే రాష్ట్ర చట్టంలో ఉన్నదే మీకు వర్తిస్తుంది. అది మీ మనసులో అనుకున్నది కాకపోవచ్చు. స్నేహం మీద నమ్మకం లేక రాసుకునే కాగితం కాదిది. స్నేహం నిలవడానికి రాసుకునేది.

ఆ కుర్రాడికి ఇదంతా చెప్పాను. రెండు నెలల తర్వాత ఫోను చేశాడు. అగ్రిమెంటు రాసుకోవడానికి కూర్చుంటే మొదటి గంటలోనే గొడవైందట. "ఇప్పుడే అయింది కదా, మంచిదే" అన్నాను. నలుగురూ సంతకాలు పెట్టారు.

ఈ వ్యాసం సావనీరుకు ఇచ్చేముందు నా కాలేజీ మిత్రుడికి ఫోను చేశాను. మన కొట్టు సంగతి రాస్తున్నాను, అభ్యంతరమా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాయండి. నోటీసు నా అడ్రసుకే వచ్చిందని కూడా రాయండి" అన్నాడు. ఒకప్పుడు "ఏరా" అని తప్ప పిలవని గొంతు అది. ఆ "రాయండి" అన్న మాట 70,000 డాలర్లకన్నా బరువుగా తోచింది. "అది కట్టారా అని నేను కూడా ఒక్కసారైనా అడగలేదు. అది కూడా రాశాను" అన్నాను.

ఈ ఉగాదికి రెండు కుటుంబాలం ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని అనుకున్నాం. మిఠాయిలు మా ఆవిడ తెస్తానంది. బిల్లు మాత్రం కంపెనీ పేరు మీదే ఇస్తుందట.