డబ్బాలో అన్నం ఎందుకు తిరిగి వస్తుంది?

సాయంకాలం బడి నుండి వచ్చిన పిల్లల సంచి తెరిస్తే, ఉదయం పెట్టిన అన్నం పెట్టినట్లే కనిపించడం అమెరికాలోని తెలుగు తల్లులకు కొత్త కాదు. ‘వీడికి మన తిండి నచ్చదు’ అని నిట్టూర్చి, మర్నాడు జామ్ పూసిన రొట్టె ముక్క పెట్టి పంపడం సులభమైన మార్గమే. కాని ఆ తీర్పు చెప్పే ముందు డబ్బాలో ఏమి జరిగిందో కొంత విచారించవలసి ఉంది. రాత్రి ఇంట్లో ఇష్టంగా తిన్న అన్నమూ, మధ్యాహ్నం డబ్బాలో కనిపించిన అన్నమూ నిజానికి ఒకటి కావు.

బియ్యం ఉడికేటప్పుడు అందులోని పిండిపదార్థపు రేణువులు నీటిని పీల్చుకొని, ఉబ్బి మెత్తబడతాయి. చల్లారిన కొద్దీ అమైలోజ్, అమైలోపెక్టిన్ అనే అణువులు మళ్ళీ వరుసలు కట్టి, స్ఫటికాల వలె దగ్గరకు చేరుతాయి. అన్నం బిరుసెక్కడం, ఇడ్లీ గట్టిపడడం ఇందువల్లనే. ఈ మార్పు రిఫ్రిజిరేటర్ చల్లదనంలో మరింత వేగంగా సాగుతుంది. అమైలోజ్ పాలు ఎక్కువగా గల బియ్యం త్వరగా బిరుసెక్కితే, జిగురు గల పొట్టిగింజ బియ్యం కొంతసేపు మెత్తగా నిలుస్తుంది.

అయితే గోరువెచ్చగా కట్టి పంపుదామా అంటే, అది మరింత ప్రమాదం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. అవి ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా నిలువ ఉన్నపుడు మొలకెత్తి, వాంతులు కలిగించే విషపదార్థాన్ని తయారుచేస్తాయి. ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. 40 నుండి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ నడుమ వండిన ఆహారాన్ని రెండు గంటలకు మించి ఉంచరాదని అమెరికా వ్యవసాయ శాఖ హెచ్చరిస్తుంది. ఉదయం ఏడు గంటలకు కట్టిన డబ్బా తెరిచేసరికి నాలుగైదు గంటలు గడచిపోతాయి. మన పెద్దలు పులిహోర మూటగట్టుకొని దూర ప్రయాణాలు చేయలేదా అని మీరు అడగవచ్చు. చింతపండు పులుపు సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకొనే మాట నిజమే. కాని పిల్లల కోసం మనం చేసే పులిహోరలో ఆ పులుపు ఎంత ఉంటుంది? దానినే నమ్ముకోవడం మంచిది కాదు.

కనుక మార్గాలు రెండే: బాగా వేడిగా, లేదా బాగా చల్లగా. వేడిగా పంపాలంటే వెడల్పు మూతిగల ఫ్లాస్కులో మరిగే నీరు పోసి, మూతబెట్టి, పది నిమిషాలుంచి, ఆ నీరు పారబోసి, పొగలు కక్కే పప్పన్నమో, కట్టెపొంగలో నిండుగా పెట్టాలి. సగం నింపిన ఫ్లాస్కు త్వరగా చల్లబడుతుంది. చల్లగా పంపాలంటే మంచుగడ్డ పొట్లం తోడుగా ఉండాలి. అప్పుడు అన్నం జోలికి పోక గుగ్గిళ్ళు, పెరుగు, కీరా ముక్కలు, నూనె వేసి మెత్తగా కలిపిన పిండితో చేసిన చపాతీ చుట్టలు పెట్టడం మేలు.

పోపులోని వేరుసెనగ గింజల విషయం మరచిపోరాదు. అవి కొందరు పిల్లలకు ప్రాణాంతకం కాగలవు గనుక పెక్కు బడులు వాటిని నిషేధించాయి. నువ్వులను కూడ 2021 నాటి చట్టం ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో చేర్చింది. 2023 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. పులిహోరలో పల్లీలకు బదులు వేయించిన సెనగపప్పు సరిపోతుంది. కారప్పొడి కలిపేటప్పుడు అందులో ఏమున్నదో చూసుకోండి.

ఇక వాసన. ఇంగువ వాసన గంధక సమ్మేళనాలది. వేడి డబ్బా మూత తీయగానే అవి బల్ల చుట్టూ వ్యాపిస్తాయి. పక్క కుర్రవాడు ముక్కు మూసుకున్నాడంటే ఆ రోజుతో సాంబారన్నం కథ ముగిసినట్లే. “అమ్మా, ఇది ఇంక పెట్టకు” అన్న పిల్లను మందలించి లాభం లేదు. ఆ సిగ్గు ఆకలికన్నా బలమైనది. ఇంగువను రాత్రి భోజనానికి ఉంచుకొని, పగటి డబ్బాకు జీలకర్ర, నేతి పోపు వేయడం ఓటమి అని నేను అనుకోను.

పిల్లలకు దొరికే సమయం కూడ తక్కువ. కూర్చొని తినడానికి కనీసం 20 నిమిషాలుండాలని ఇక్కడి ఆరోగ్య సంస్థలు సూచిస్తున్నా, వరుసలో నిలబడడానికీ, కబుర్లకూ అందులోనే కొంత పోతుంది. కలుపుకొని తినవలసినవి ఆ గందరగోళంలో మిగిలిపోతాయి. ఆరేళ్ళ చేతికి ఫ్లాస్కు మూత వస్తున్నదో లేదో ఇంట్లోనే ఒకసారి తీయించి చూడండి.

పోషణ దృష్ట్యా మన కూర్పులో లోపమేమీ లేదు. బియ్యంలో కొరతగా ఉండే లైసిన్‌ను పప్పు తీరుస్తుంది. శాకాహారపు ఇనుము శరీరానికి ఒక పట్టాన అందదు గనుక డబ్బాలో నాలుగు నారింజ తొనలు పెడితే అందులోని సి విటమిన్ ఆ పని చేసిపెడుతుంది.

కొత్త కూర ఏదైనా మొదటిసారి తిరిగి రావడం సహజం. లీయాన్ బర్చ్ అనే అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1980ల నుండి జరిపిన పరిశోధనలలో, పిల్లలు ఒక కొత్త రుచిని అంగీకరించడానికి పదిసార్ల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడ, దానిని రుచి చూడవలసి వస్తుందని తేలింది. మనలో చాలామంది రెండోసారికే విసిగిపోతాము. బ్రోకలీ అయినా, బెండకాయ వేపుడు అయినా మొదట రెండు ముక్కలు చాలు. అవి తిరిగి వస్తే మరుసటి వారం మళ్ళీ రెండు ముక్కలే.